వేలంపాటకు వచ్చిన మబ్బు

ఆదివారం, ఆరాధన అయ్యాక

నీ చేను మీద పడాల్సిన వాన ఇప్పుడు ఎవరి మేడ మీద పడుతోంది? నిన్నే అడుగుతున్నాను. కౌలుకు చేసుకునే సహోదరుడా, తల వంచుకోకు, జవాబు చెప్పు.

నేను నల్లరేగడిపాడు జక్రయ్యను. వారమంతా ట్రాక్టర్లకూ సైకిళ్ళకూ పంక్చర్లు వేస్తాను, ఆదివారం వాక్యం చెబుతాను. ఏ బోధకుల బడిలోనూ కూర్చోలేదు, నా నెత్తిన ఏ బిషప్పూ చెయ్యి పెట్టలేదు. ఉన్నదల్లా మా నాయన వదిలిపోయిన లేఖనం, మూలలు చివికినది. ఏ రోజు జరిగింది ఆ రోజు రాసి పక్క ఊళ్ళకు పంపుతాను. చదువు వచ్చినవాడు రానివాళ్ళకు చదివి వినిపించాలి.

ఊపిరి తెగులు దెబ్బకు ఊళ్ళకు తాళాలు వేశారు. కూలీలు రాక రెండు పంటలు చేలల్లోనే కుళ్ళాయి. ఈ పొద్దున మేఘ సాయం శాఖ వాళ్ళ మైకు మోగింది. తెగులు కాలంలో నష్టపోయిన ప్రతి కమతానికీ ప్రభుత్వం కొన్ని నెలలుగా పంపుతున్న ఊరట వాన ఈ రోజు మా ఊరి వంతట. ఆరాధన మధ్యలోనే జనం లేచి చప్పట్లు కొట్టారు. మరి ఆకాశం ఆ శాఖ చేతికి పోయి, మబ్బులన్నిటినీ సముద్రం ఒడ్డున కొట్టంలో కట్టేసిన నాటినుంచీ ఊరికే పడే వాన ఒకటి ఉండేదన్న సంగతే పిల్లలకు తెలియదు.

మధ్యాహ్నానికి మబ్బు వచ్చింది. అడుగున శాఖవారి నీలి దీపం మిణుకుమంటోంది. సువార్తమ్మక్క తను కౌలుకు చేసే మిరప చేను గట్టున బిందెలూ, తపేలాలూ, చివరికి తాళింపు మూకుడు కూడా పరిచింది. మొగుడు తెగులులో పోయాడు. ఆ చేను తప్ప ఆమెకు ఇంకో ఆధారం లేదు. పూత పట్టే అదను ఇది. ఇంకో వారం తడి లేకపోతే ఉన్న పూత రాలుతుంది.

మబ్బు వచ్చింది. చేను మీద ఆగినట్టే ఆగింది. ఆపైన బరువు ఎక్కించుకున్న లారీలా మెల్లగా గుంటూరు వైపు తిరిగి వెళ్ళిపోయింది. ఒక్క చుక్క రాల్చలేదు.

వెనకాలే కాస్త చల్లగాలి వీచింది. మైకు మళ్ళీ మోగింది: "కూలీలకూ కౌలుదార్లకూ ప్రభుత్వం తరపున ఊరట గాలి. ఆస్వాదించగలరు."

"ఆస్వాదించా" అంది సువార్తమ్మక్క, మూకుడు చేతిలోకి తీసుకుంటూ. "దీంట్లో వేసి తాళింపు పెడితే ఇంకా బాగుంటది గామాల!"

సోమవారం

పొద్దున్నే అక్కను వెంటబెట్టుకుని సచివాలయానికి వెళ్ళాను. అక్కడ మేఘ సహాయకురాలు శ్రావ్య ఉంటుంది. మంచి పిల్ల, నన్ను బాబాయ్ అంటుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని అద్దం వెనక కూర్చుంది.

"అక్క చేను ఎండిపోతంటే మబ్బు గుంటూరులో యాడికి పోయిందమ్మా?" అన్నాను.

"రైతు దగ్గరికి పోయింది బాబాయ్."

"రైతు ఇదిగో, నీ ఎదురుగా ఉంది."

శ్రావ్య అక్క బొటనవేలు పట్టుకుని అద్దం కంతలో పెట్టించింది. తెగులు కాలంలో మనందరి బొటనవేలి చర్మం కింద పెట్టిన గింజ ఉంది కదా, మామూలుగా పచ్చగా ఉండి దగ్గితే ఎర్రబడేది, అదే. అప్పుడు రోగుల్ని పట్టుకోవడానికి పెట్టారు. ఇప్పుడు మబ్బులకు దారి చూపడానికి వాడుతున్నారు.

"ఈమె గింజలో కూలీ అని ఉంది" అంది శ్రావ్య. "ఆ కమతానికి రైతు గోవర్ధనరావు గారు. మబ్బు ఆయన గింజ వెంట పోతుంది. ఆయన ఎక్కడుంటే అక్కడ కురుస్తుంది."

"ఆయన గుంటూర్లో నాలుగో అంతస్తులో ఉంటాడు గదమ్మా!"

"అయితే నాలుగో అంతస్తు మీద కురుస్తుంది."

"రైతు అంటే ఎవరమ్మాయ్, నాకు తెలీకడుగుతా?"

"భూమి ఉన్నవాళ్ళు."

"దున్నేవాళ్ళో?"

శ్రావ్య తెర మీద చాలాసేపు వెతికింది. "దున్నేవాళ్ళకి గడి లేదు బాబాయ్" అంది.

సహోదరులారా, పరలోకంలోని తండ్రి మంచివాళ్ళ మీదా చెడ్డవాళ్ళ మీదా తేడా చూడకుండా వాన కురిపిస్తాడని మన ప్రభువు చెప్పాడు. ఆ పద్ధతిలో లోపాలున్నాయని శాఖవారు కనిపెట్టారు. అనర్హులు తడిసిపోతున్నారట. అందుకే సరిదిద్దారు.

వచ్చేటప్పుడు శ్రావ్య ఒక మాట అంది, ఊరడింపుగానే అంది. "మబ్బు గేదెలాంటిది బాబాయ్. రైతు కదిలితే అదీ కదులుద్ది గానీ మెల్లగా. ఆయన మీ ఊరొచ్చి కాసేపట్లో తిరిగిపోతాడు గదా, అది సగం దారిలో ఉండగానే మళ్ళీ వెనక్కి తిరగాలి. అందుకే గుంటూరు రోడ్డు మీద అన్ని గుంటలు."

మంగళవారం

ఇద్దరం బస్సెక్కి గుంటూరు వెళ్ళాం. గోవర్ధనరావు గారి వీధి దూరంనుంచే తెలిసిపోయింది. వీధంతా ఎండ, ఒక్క మేడ మీద జడివాన. గొట్టాల్లోంచి నీళ్ళు దిగుతున్నాయి, కింద ట్యాంకర్లు వరుసగా నిలబడి పట్టుకుంటున్నాయి. ఆ ట్యాంకర్ల మీద రాసి ఉంది: ఊరట నీళ్ళు, చేలకు అమ్మబడును.

అక్క ఆ రాత చూసి, "తమ్ముడూ, నేను నిరుడు కొన్నది ఇయ్యేనా?" అంది.

"నిరుడు ఊరట లేదక్కా. అప్పుడు ఉత్త నీళ్ళే అమ్మేవాడు."

ఆయన మర్యాదగానే కూర్చోబెట్టాడు. గోడ మీద శాఖవాళ్ళిచ్చిన ఉత్తమ రైతు పటం వేలాడుతోంది. దాని నిండా చెమ్మ. ఇంట్లో ఏ మూల చూసినా బూజు వాసన.

"నా కష్టాలు మీకేం తెలుస్తయ్యే" అన్నాడు. "గుడికి పోతే గుళ్ళో వాన. పెళ్ళికి పోతే పందిట్లో వాన. ఇప్పుడు నన్ను పెళ్ళిళ్ళకి పిలవటం కూడా మానేశారు."

సువార్తమ్మక్క చేతులు జోడించింది. "ఒక్క పూట మన చేలో నిలబడయ్యా. నువ్వు ఊరికే నిలబడితే చాలు. మిగతాది మబ్బు చూసుకుంటది. పూత రాలిపోతంది."

"తడిస్తే జలుబు చేస్తదే. జలుబు చేస్తే దగ్గొస్తది. దగ్గితే గింజ ఎర్రబడుద్ది. ఎర్రబడితే నెల పాటు నన్ను గదిలో పెట్టి తాళం వేస్తారు. ఓ మిరప చేను కోసం అంత దేనికి?"

"చేను తమరిదే గదయ్యా."

"నాదేలే. పంట పోతే పోనీ, ఆ నేలని మబ్బులు కట్టేసే గుంజలు పాతుకోటానికి శాఖ వాళ్ళు అడుగుతున్నారు. వాళ్ళకిచ్చేస్తా. నీకూ పీడ వదులుద్ది."

అక్క లేచింది. మెట్లు దిగి, ఆ మేడ అంచు కింద నిలబడి, కొంగు చాపి ఆ వానను పట్టింది. తడిసిన కొంగు పిండకుండా అలాగే బస్సెక్కింది. ఊళ్ళో దిగగానే తిన్నగా చేలోకి వెళ్ళి ఒక మొక్క మొదట్లో పిండింది.

బుధవారం, ఉపవాస కూడిక

అన్యాయపు న్యాయాధిపతి ముందు మొండిగా నిలబడి విసిగించి విసిగించి న్యాయం పుచ్చుకున్న విధవరాలి సంగతి చెప్పాను. మామూలుగానే కాస్త ఎక్కువసేపు చెప్పాను. మా ఆవిడ దీవెనమ్మ ముందు వరసలో కూర్చుని పమిట చెంగుతో విసురుకోవడం మొదలుపెట్టింది. ముగించమని ఆమె సైగ అది. పెళ్ళైన నాటినుంచీ నేను ఏ వాక్యం చెప్పినా ఆ చెంగు లేవకుండా లేదు.

కూడిక అయ్యాక అడిగింది. "ఆ విధవరాలు న్యాయాధిపతి ఇంటికి పోయింది సరే. మీరూ పోయొచ్చారు. ఆయన రానన్నాడు. ఇప్పుడేం చేస్తారంట?"

"ప్రార్థన చేద్దాం."

"చెయ్యండి. అమేన్ అన్నాక లేచి కోత పండగ సంగతి చూడండి. ఈ ఏడు కానుకలకి సువార్తొదిన గుమ్మడికాయ ఒక్కటే ఉంది, అదీ అంట్లు కడిగిన నీళ్ళకి కాసింది. వేలంపాటకి ఎవరొస్తారు?"

ఆ మాటతో నాకు మెరుపు మెరిసింది.

దూరపు ఊళ్ళవాళ్ళకు మా పద్ధతి చెప్పాలి. కోత పండుగ నాడు మొదటి పంట దేవునికి తెచ్చి పెడతాం. ఆరాధన అయ్యాక దాన్ని వేలం వేస్తాం. మా వేలానికి మనవాళ్ళే కాదు, పెద్ద ఆసాములు కూడా వస్తారు. మన దేవుణ్ణి నమ్మరు, పదిమందిలో గెలవడాన్ని నమ్ముతారు. గెలిచినవాడు ఆ వస్తువు ఇంటికి పట్టుకుపోతే చిన్నతనం. తిరిగి దేవునికే ఇచ్చేస్తాడు. ఇవ్వగానే మళ్ళీ పాట మొదలు. అలా ఒకే పుంజు ఒకే రోజున ఎన్నోసార్లు అమ్ముడుపోవడం చూశాను. పోయినేడు అదే జరిగింది. చివరి పాటలో బాపినీడు అనే ఇంకో ఆసామి గోవర్ధనరావును ఓడించి, పుంజును తిరిగివ్వకుండా కూర వండుకు తిని, ఎముకలు పొట్లం కట్టి ఆయనకు పంపాడు.

ఇద్దరికీ కబురు పెట్టాను. బాపినీడు మబ్బు కూడా గుంటూరులోనే ఆయన మేడ మీద తిరుగుతోంది. చెప్పిన మాట ఒకటే: "ఈసారి తమరు రారని, భయపడ్డారని అవతలాయన అంటున్నాడయ్యా."

పాట చర్చి ఆవరణలో జరగదు, సువార్తమ్మ చేలో జరుగుతుందని కూడా కబురులో చెప్పించాను. మోసం లేదు. పొలంలో కోత పండుగ చేసుకుంటే తప్పని ఏ లేఖనంలో ఉంది?

ఆదివారం, కోత పండుగ

ఆసాములిద్దరూ పొద్దున్నే బయలుదేరి పది గంటలకల్లా దిగారు. తెల్ల బట్టలు, నల్ల కార్లు. గోవర్ధనరావు తూర్పు ఆకాశం చూసుకుని, చేతి గడియారం చూసుకుని, "మబ్బు బయలుదేరినట్టుంది. మధ్యాహ్నానికి నేను ఉండను జక్రయ్యా, తొందరగా కానీ" అన్నాడు.

"ఎంతసేపయ్యా, ఒక్క కాయే గదా" అన్నాను.

గుమ్మడికాయను పీట మీద పెట్టాం. పాట డబ్బుల్లో వద్దని, నీళ్ళ ట్యాంకర్లలో పాడాలని దీవెనమ్మ ముందే ప్రకటించింది. ఇద్దరికీ అదే వ్యాపారం మరి.

"ఒక ట్యాంకరు" అన్నాడు బాపినీడు.

"రెండు."

"మూడు. పుంజు తిన్నోణ్ణి, గుమ్మడికాయ వదులుతానా?"

"తిన్నావులే, అరిగిందా? నాలుగు!"

"నాలుగు ట్యాంకర్లు ఒకటోసారి..." అని ఆగాను. ఆగి, నీళ్ళంటే గుర్తొచ్చింది సహోదరులారా, అని ఓడ కట్టిన నోవహు సంగతి ఎత్తుకున్నాను. పలకలు కోయడం దగ్గర్నుంచి చెప్పాను. ఏనుగుల్ని ఎక్కించాను, చీమల్ని ఎక్కించాను. గోవర్ధనరావు గడియారం చూసుకున్నాడు. "రెండోసారి అనవయ్యా!"

"తమరు తొందరపడితే బాపినీడు గారికి భయపడ్డారనుకుంటారయ్యా."

ఆయన మళ్ళీ కూర్చున్నాడు.

మొదటి పాట గోవర్ధనరావు గెలిచాడు, పదిమందీ చూస్తుండగా కాయను దేవునికి తిరిగి ఇచ్చేశాడు. రెండో పాట బాపినీడు గెలిచి, తనూ తిరిగి ఇచ్చేశాడు. మూడో పాటలో నా కథలో సముద్రం చీలింది, ప్రజలు దాటారు, నేను ఒక్కొక్క గోత్రాన్నీ విడివిడిగా దాటించాను. ఎండ నడినెత్తికి వచ్చింది. తూర్పున ఇంకా ఏమీ లేదు. పూర్వం ఒక ప్రవక్త వాన కోసం ప్రార్థిస్తే సముద్రం మీద మనిషి చెయ్యంత మబ్బు లేచిందట. నేను చెప్పే ప్రతి మాట మధ్యా ఆ చెయ్యి కోసం చూస్తున్నాను. నా గొంతు బొంగురుపోయింది. చెప్పడానికి కథ మిగల్లేదు.

"ఇంక చాలు, నే పోతన్నా" అని గోవర్ధనరావు లేచాడు. డ్రైవరు కారు తలుపు తీశాడు. సువార్తమ్మక్క చేను మధ్యలో నిలబడి ఉంది, వాడిన మొక్కల్లో ఒక వాడిన మొక్కలాగా.

అప్పుడు దీవెనమ్మ వైపు చూశాను. పెళ్ళైన నాటినుంచీ నన్ను ఆపిన ఆ చెంగు ఆమె నడుముకు గట్టిగా బిగించి ఉంది. చేత్తో సైగ చేసింది: ఇంకా, ఇంకా లాగు.

ఇక మిగిలింది ఒక్కటే. ప్రియులారా, మీరందరూ నిద్రపోయే భాగం. వంశావళి. ఫలానావాడు ఫలానావాణ్ణి కనెను. మొదలుపెట్టాను. తండ్రి పేరు నేను చెబితే కొడుకు పేరు జనం అందుకున్నారు. ఆదివారాలు ఈ భాగం రాగానే గోడకు చేరగిలబడేవాళ్ళు ఈ రోజు పాడారు, డప్పు కొట్టారు, ఆడవాళ్ళు ఒక్కో పేరుకూ ఒక అడుగు వేస్తూ కారు చుట్టూ గుండ్రంగా తిరిగారు. ఇది తన గౌరవార్థమే అనుకున్నాడు ఆసామి. ఒక కాలు కారులో, ఒక కాలు చేలో పెట్టి, చిరునవ్వుతో చేతులు జోడించి అలాగే నిలబడిపోయాడు.

దావీదు దగ్గరికి వచ్చేసరికి నా మెడ మీద చల్లగా ఒక చుక్క పడింది.

తల ఎత్తితే నీలి దీపం. దాని వెనక ఇంకో దీపం, బాపినీడుది. రెండు మబ్బులూ ఒకదాన్నొకటి రాసుకుంటూ నల్లరేగడిపాడు మీద ఒరిగాయి. ఇక చూడండి సహోదరులారా, ధారలు!

"పోనియ్‌రా, పోనియ్!" అని గోవర్ధనరావు కారులో పడ్డాడు. డ్రైవరు పోనిచ్చాడు. పట్నం డ్రైవరు, పాపం. తడిసిన నల్లరేగడి గురించి అతనికెవరూ చెప్పలేదు. చక్రాలు తిరిగిన కొద్దీ దిగాయి, పక్కనే బాపినీడు కారువీ అంతే. ఒండ్రు ఇరుసుల దాకా పట్టింది. మా నేల ఒకసారి పట్టుకుంటే ఆరేదాకా వదలదు, నాకు తెలుసు, ఎన్ని టైర్లు పీకానో.

ఆయన దిగి బురదలో పిక్కల దాకా కూరుకుపోయి అరిచాడు. "జక్రయ్యా! నన్ను మోసం చేశావు గదరా!"

"అయ్యా, తమరు రైతు. రైతు చేలో ఉన్నాడు. ఇందులో మోసం యాడుంది?"

సువార్తమ్మక్క గోనెసంచి ఒక మూల లోపలికి మడిచి వానకు కప్పుకునే కొప్పెరలాగా చేసి ఆయన నెత్తిన వేసింది. "దగ్గబాకయ్యా, నీకు దణ్ణం పెడతా, దగ్గబాకు" అంది. ఆయన ఒక్కసారి తుమ్మాడు. ఊరంతా ఊపిరి బిగబట్టి ఆయన బొటనవేలు చూసింది. గింజ పచ్చగానే ఉంది.

చాలాసేపటికి ఆయన వంగి ఒక కొమ్మ పట్టుకున్నాడు. "ఇవేనటే మిరపచెట్లు?" అన్నాడు అక్కతో.

"ఇయ్యేనయ్యా. తమరివే."

"ఇంత చిన్నగా ఉంటయ్యా?"

"తాగితే పెరుగుతయ్యయ్యా" అంది అక్క. వాన ఆమె మొహం మీద పడుతోంది కాబట్టి ఏడుస్తోందో లేదో చెప్పలేను.

వాన గట్లు చూడలేదు. పక్క చేలూ తడిశాయి, బాపినీడు కౌలుదార్ల చేలూ తడిశాయి, ఊరి గాడిదా తడిసింది. ఎవరి గింజలో ఏముందో అడగకుండా కురిసింది. పాత పద్ధతిలో.

సోమవారం

పూత నిలబడింది. మొదట ఆ మాట రాస్తున్నాను, మిగతాది తర్వాత.

పొద్దున శ్రావ్య సచివాలయం నుంచి నడిచి వచ్చింది, చేతిలో శాఖవారి ఉత్తర్వు. లబ్ధిదారులైన రైతులను చేలల్లో నిలబెట్టడం నేరమట. ఊరట దుర్వినియోగమట. అదే కాగితం కింద ఇంకో ముక్క ఉంది: వానలో సైతం స్వయంగా చేలో నిలిచిన గోవర్ధనరావు గారికి ఈ ఏడు కూడా ఉత్తమ రైతు పురస్కారం.

"ఇంకోటుంది బాబాయ్" అంది శ్రావ్య, గొంతు తగ్గించి. "వచ్చే ఆదివారం నుంచి మబ్బుల్ని గింజలకి కట్టరు, ఇంటి నంబర్లకి కడతారు. ఆయన ఎక్కడికి పోయినా వాన మాత్రం గుంటూరు మేడ మీదే. ఇంక ఎవరూ లాక్కురాలేరు."

"ఈలోపల?"

"ఈలోపల మనిషి వెంటే." ముక్కుకున్న గుడ్డ కిందికి లాగింది. ఆ పిల్ల మొహం మొత్తం నేను చూడటం అదే మొదలు. "మా నాన్న చెరువుకొమ్ముపాలెంలో కౌలుకే చేస్తాడు బాబాయ్. కంది చేను. నేనీ మాట చెప్పినట్టు రాయబాకు."

రాశాను. తల్లీ, క్షమించు. కౌలుకు చేసుకునేవాడి కూతురు నోరు తెరిచిందని లోకానికి తెలియాలి.

కాబట్టి చెరువుకొమ్ముపాలెం వాళ్ళారా, దాని అవతలి ఊళ్ళవాళ్ళారా, ఈ రాత మీకు అందిన ఘడియే ఘడియ. మీ ఆసామి ఏ పట్నంలో, ఏ అంతస్తులో ఉన్నాడో మీకు తెలుసు. ఎవరి చేతిలో ఓడితే ఆయనకు నిద్ర పట్టదో కూడా తెలుసు. ఉపవాసం రేపు చేద్దురుగాని. అర్జీ రాసుకుంటూ కూర్చోకండి, దున్నేవాడికి ఆ అర్జీలో గడి లేదు. వంశావళి కంఠతా పట్టండి. కార్లను గట్టు మీద ఆగనివ్వకండి, చేలోకి దింపించండి.

వేలానికి కానుక లేదంటారా? ఆ గుమ్మడికాయ చివరి పాటలో కూడా దేవునికే తిరిగొచ్చింది. ఈ రాత తెచ్చిన మనిషి చంకలో ఉన్నది అదే. కోసుకు తినకండి. పాట అయ్యాక పక్క ఊరికి పంపండి.

లేవండి. మొదటి బస్సు వెళ్ళిపోకముందే లేవండి. ఈ రోజే, ఇప్పుడే మీ రైతును చేలోకి పిలుచుకురండి!